మాట విననివాళ్ళ వంతు

వీధికి అడ్డంగా తవ్విన గోతి మీద ఒక చెక్క వేశారు. అది దాటేముందు కాజాలమ్మ ప్రతి ఉదయం ఆగుతుంది. సంచి చంకలో ఇరికించుకుని, కాలివేళ్ళు చెప్పుల్లో బిగించి, గోతిలోకి తొంగి చూస్తుంది. లోపల ఇద్దరు మనుషులు మురుగు గొట్టాల కోసం మట్టి తవ్వి పైకి విసురుతున్నారు. వాళ్ళ తలలు మాత్రమే ఎండలో ఉన్నాయి.

"మట్టి కూలకుండా పక్కలకి చెక్కలు కొట్టారా?" అని అడిగింది.

"కొట్టాం ఇన్‌స్పెక్టరమ్మా," అన్నాడు ఒకడు తల ఎత్తకుండానే.

"ఎక్కడ కొట్టారు? నాకు కనపడటం లేదే."

"నిన్నా అడిగావు, మొన్నా అడిగావు. మా ఆవిడ కూడా నా గురించి ఇంత అడగదు," అని రెండోవాడు నవ్వాడు.

"ఆవిడకి ఇంకా తెలీదు కాబట్టి అడగదు."

నవ్వినవాడు నవ్వు మానేశాడు. పార తిప్పి దాని వీపుతో గోతి గోడను కొట్టి చూపించాడు. మట్టి చప్పుడు కాదు, చెక్క చప్పుడు వచ్చింది. అది విన్నాకే ఆమె చెక్క మీద కాలు పెట్టింది. అవతలి గట్టు ఎక్కగానే ఫోన్ తీసింది. కూతురు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది.

"చేరావా?"

"చేరానమ్మా. బతికే ఉన్నాను. అప్పుడే ఇద్దరి రక్తం కూడా తీశాను."

"సూది జాగ్రత్త. పొరపాటున నీకు గుచ్చుకుంటే..."

"గుచ్చుకోదు. గుచ్చుకున్నా నీకు చెప్పను. పెట్టేయనా?"

పిల్ల నవ్వుతూనే పెట్టేసింది. కానీ ఆ చివరి మాట దుకాణం దాకా కాజాలమ్మ వెంట వచ్చింది. చెప్పను అంటే, ఇప్పటికే ఏదైనా దాచిపెట్టిందనా?

దర్జీ దుకాణం వీధికన్నా ఒక మెట్టు కిందికి ఉంటుంది. కిటికీ లేదు. తలుపులోంచి వచ్చిన వెలుగే వెలుగు, ఆ వెలుగులో ఉన్న ముక్కాలి పీట కాజాలమ్మది. కోట్లకి గుండీలు పట్టే కాజాలు చేత్తో కుట్టడం ఆమె పని. ఆ పనే ఆమెకి పేరైంది. మాస్టరు సుద్దతో గీత గీసి ఇస్తాడు. ఆమె చిన్న కత్తి మొనతో ఆ గీత వెంట గుడ్డ చీల్చి, పోగులు విడిపోకముందే మైనం రుద్దిన దారంతో అంచు చుట్టూ ముడి వెనక ముడి వేసుకుంటూ పోతుంది. ఎక్కడైనా ఒక్క పోగు వదిలేస్తే నాలుగు ఉతుకుల్లో కాజా నోరు సాగిపోతుంది, ఆ తర్వాత ఏ గుండీ నిలవదు. అందుకని ప్రతి కాజానూ వెలుగుకి ఎత్తి చూస్తుంది, వేలు దూర్చి చూస్తుంది, మళ్ళీ ఒకసారి చూస్తుంది.

అయిన కోట్లు మూటకట్టి తలుపు పక్క బల్ల మీద పెడుతుంది. ఎదుటి అరుగు మీద ఇస్త్రీ చేసే ఆమె వచ్చి పట్టుకెళ్తుంది. కాజాలమ్మ మంచినీళ్ళకని లోపలికి వెళ్ళినప్పుడే ఆమె వస్తుంది, కాజాలమ్మ బయటికి వచ్చేసరికి వెళ్ళిపోతుంది. ఇద్దరూ కూర్చుని అనుకున్న ఏర్పాటు కాదది. అయినా ఏ రోజూ తప్పలేదు.

ఇస్త్రీ ఆమె మొగుడు గొట్టాల పనికి సూపర్‌వైజరు. కిందటేడు, పక్కలకి చెక్కలు కొట్టని గోతిలోకి అతుకు చూసి రమ్మని కాజాలమ్మ కొడుకుని దింపింది అతనే. వాడు చెప్పిన మాట వినే పిల్లాడు. దిగాడు. మట్టి కూలి మీద పడింది. వాడి బాప్తిస్మం ఆ వచ్చే ఆదివారానికి పెట్టుకున్నారు. తర్వాత కొన్నాళ్ళకి సూపర్‌వైజరు కూడా గుండెపోటు వచ్చి పోయాడు. కాజాలమ్మ గుమ్మం తొక్కి ఒక్క మాట అనకుండానే పోయాడు.

"బుధవారం నీ వంతటగా?" అన్నాడు మాస్టరు, కత్తెర ఆపకుండా. ఆయన సంఘంలో పెద్ద కూడా.

"అవును మాస్టరూ."

"ఆ చెర సంగతేనటగా?"

"అదే."

"ఊఁ," అన్నాడు మాస్టరు. ఆయన ‘ఊఁ’ అన్నాడంటే వెనకాల ఇంకెవరో వస్తున్నారని అర్థం.

మధ్యాహ్నం పాస్టరమ్మగారు వచ్చారు. కొలతలకని వచ్చారు గానీ టేపు దగ్గరికి పోలేదు. సరాసరి పీట ముందు నిలబడ్డారు. ఉన్న వెలుగంతా ఆవిడ వెనకాలే ఆగిపోయింది. కాజాలమ్మ సూది గుడ్డలో గుచ్చి పైకి చూసింది.

స్త్రీల కూటంలో బైబిల్లో పేతురు రాసిన ఉత్తరాన్ని వరసగా చదువుతున్నారు, వారానికి ఒక ముక్క. ఎవరి వంతు వస్తే వాళ్ళు నిలబడి ఆ ముక్క చదివి, తమకి అందులో దొరికింది తమ మాటల్లో చెప్పాలి. చాప మీద కూర్చున్న వరసే వంతుల వరస. ముక్క వదిలెయ్యకూడదు, వంతు మార్చుకోకూడదు. ఆ రూలు పెట్టింది పాస్టరమ్మగారే. అందరూ తేలిక ముక్కలు ఏరుకుని, కష్టమైనవి తన నెత్తిన పెడుతున్నారని పెట్టారు.

"అది కష్టమైన వచనం," అన్నారావిడ. "చెరలో ఉన్న ఆత్మల దగ్గరికి ప్రభువు వెళ్ళి ప్రకటించాడంటే ఏమిటో పెద్దపెద్దవాళ్ళకే తెగలేదు. మా ఆయనే దాని జోలికి పోరు. నువ్వు చదువు. ఇది మర్మం అను. కూర్చో."

"నాకు దొరికింది చెప్పాలి కదండీ."

"నీకేం దొరికిందో నాకు తెలుసులే." ఆవిడ గొంతు మెత్తబడింది. "చచ్చాక కూడా తలుపు తీసే ఉంటుందని నువ్వు చెప్పావనుకో. ఇక బతికుండగా మాట వినేదెవరు? నా కొడుకులతో సహా ఎవడూ వినడు. ఆ మాట గుడి దాకా వస్తే పాస్టరుగారు సర్దలేరు. మాస్టరు కూడా ఇబ్బంది పడతాడు."

మాస్టరు ఇబ్బంది పడటానికి సిద్ధంగా గొంతు సవరించుకున్నాడు.

"మరి నేనేం చెయ్యనమ్మగారూ? వంతు మీరు పెట్టిందే."

"పెట్టాను. ఈ ముక్క తిరిగి తిరిగి నీ దగ్గరికే వస్తుందని కలగన్నానా?" ఆవిడ కాస్త వంగారు. "పోనీ, ఆ రోజు నీకు ఓ మోస్తరు జ్వరం రాకూడదూ?"

కాజాలమ్మ చేతిలో గుడ్డ ముడుచుకుపోయింది. లేని జ్వరం ఉందని చెప్తే, ఆ జ్వరం ఊరికే పోదు, ఇంట్లో ఇంకొకరి ఒంట్లో దూరుతుంది. ఇంట్లో ఇంకెవరున్నారు? పిల్ల ఒక్కత్తే.

"రాదండీ," అంది. "నాకు జ్వరం రాదు."

ఆవిడ నిట్టూర్చి వెళ్ళిపోయారు. వెలుగు మళ్ళీ లోపలికి వచ్చింది. కాజాలమ్మ చేతిలో కోటు చూసుకుంది. చీల్చిన గీత అంచున పోగులు అప్పుడే లేస్తున్నాయి.

ఆమెకి కావలసింది పెద్ద సంగతేం కాదు. ఎవరు పోయినా సమాధి దగ్గర పాస్టరుగారు, ఈ మనిషి ప్రభువు దగ్గర విశ్రాంతిలో ఉన్నాడంటారు. తాగి పోయినవాడికీ అన్నారు, అత్తగారిని కొట్టి పోయినదానికీ అన్నారు. వాళ్ళు బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు. తన కొడుకు దగ్గర మాత్రం పుస్తకం మూసి, "ఇతని సంగతి దేవుడికే తెలుసు," అన్నారు. ఆ మాట చాలా మర్యాదగా అన్నారు. అప్పటినుంచీ ఆమెకి అన్నం గొంతు దిగితే అదే ఎక్కువ. దేవుడికి తెలిసి, తనకి చెప్పకుండా ఉన్నది ఏమిటి? మంచి మాటయితే దాచడమెందుకు?

ఆ సాయంత్రం గుడి వెనక గదిలో ఉండే పెద్దయ్యగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఒకప్పటి పాస్టరు. కళ్ళలో మబ్బు కమ్మింది, చొక్కా గుండీలు ఎప్పుడూ ఒకటి ఎక్కువ తక్కువగా పెట్టుకుంటారు. మంచం తప్ప కూర్చునే చోటు లేదు, ఆమె గోడకి ఆనుకుని నిలబడింది.

"మొదట్లో విశ్వాసులు దీన్ని ఏమనుకునేవాళ్ళయ్యగారూ?"

"బుధవారం వంతు నీదే అన్నమాట." ఆయన నవ్వారు. "మొదట్లోవాళ్ళకి ఇది మనకన్నా దగ్గర సంగతి. సిలువకీ లేవడానికీ మధ్యలో ఒక రోజుంది కదా. ఆ రోజంతా ఆయన ఏం చేస్తున్నాడు? కిందికి, చచ్చినవాళ్ళున్న చోటికి దిగాడని వాళ్ళ నమ్మకం. ఆదివారం మనం వల్లించే విశ్వాస ప్రమాణంలో కూడా ఉంది ఆ మాట. ఎవరూ దిగని స్టాపు మీదుగా బస్సు పోయినట్టు పోతాం."

"దిగి ఏం చేశాడు?"

"అక్కడే తగువు. పాతకాలపు నీతిమంతుల్ని బయటికి తెచ్చాడని కొందరు. లేదు, అందరికీ చెప్పాడు, విన్నవాళ్ళు వచ్చారని కొందరు. బయటికి తేవడానికి కాదు, నేను గెలిచానని చాటి రావడానికే వెళ్ళాడు, ఆ ఆత్మలు మనుషులు కూడా కాదు, పడిపోయిన దూతలు అని ఇంకొందరు. ఒక పెద్ద పండితుడైతే అసలు దిగనేలేదు, జలప్రళయానికి ముందే, ఓడ కట్టిన నోవహు నోటి ద్వారా చెప్పించాడు, అంతే అన్నాడు."

ఒక్కో మాటకీ కాజాలమ్మ మొహం తెరుచుకుంటూ మూసుకుంటూ పోయింది. "ఇన్ని ఉంటే, నేను ఏది పట్టుకోను?"

"నేను ఏదీ పట్టుకోలేదమ్మా. ఇన్నేళ్ళ సేవలో దాని మీద ఒక్క ప్రసంగం చెయ్యలేదు. తలుపు మూసే అధికారం నాకెవరిచ్చారు? పోనీ తీద్దామంటే, లోపలినుంచి ఎవరెవరు వస్తారో చూడ్డానికి ధైర్యం లేదు."

కాసేపు ఆయన గుండీలు తడుముకున్నారు. ఆమె ముందుకి వంగి తప్పు గుండీలు తీసి సరిగా పెట్టింది.

"పాత బొమ్మలుండేవి," అన్నారాయన, చిన్నపిల్లాడిలా గడ్డం ఎత్తి నిలబడి. "ఆయన విరిగిన తలుపుల మీద నిలబడి, ఒక ముసలాయన్ని సమాధిలోంచి లాగుతుంటాడు. చెయ్యి పట్టుకుని కాదు, మణికట్టు పట్టుకుని. చెయ్యి పట్టుకుంటే అవతలివాడు కూడా బిగించి పట్టుకోవాలి. మణికట్టు పట్టుకుంటే వాడికి సత్తువ లేకపోయినా పైకి వస్తాడు."

కాజాలమ్మ తన మణికట్టు తనే పట్టుకుంది. ఆ రోజు మట్టిలో ముందు కనిపించింది వాడి చెయ్యేనట. ఎవరో మణికట్టు పట్టుకునే లాగారట. అది ఆమెకి ఎవరూ చెప్పలేదు, గోతి దగ్గర వాళ్ళలో వాళ్ళు అనుకుంటుంటే విన్నది.

"మొత్తం చదువుకుని వెళ్ళు," అన్నారు పెద్దయ్యగారు ఆమె గుమ్మం దాటుతుంటే. "అందరూ చెర దగ్గర ఆగిపోతారు. తర్వాత కూడా ఉంది."

"తర్వాత నోవహు సంగతేగా అయ్యగారూ. అది నాకెందుకు?"

ఆయన మంచం కోసం తడుముకుంటూ వెనక్కి తిరిగారు. ఆయనకి తన మాట వినపడలేదేమో అనుకుంది.

మర్నాడంతా కాజాలు కుడుతూనే మనసులో మాటలు పేర్చుకుంది. ఆయన దిగాడు, తలుపు విరిగింది, మణికట్టు పట్టుకున్నాడు. ఒక కోటుకి కాజా అంగుళం కిందికి పడింది. మాస్టరు ఆ కోటు ఎత్తి, ఆమె వైపు చూసి, ఏమీ అనకుండా మడిచి పక్కన పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టే మనిషి పని లోంచి తియ్యడు, ఇలా ఊరుకునేవాడే తీస్తాడు.

సాయంత్రం ఇంట్లో కూతురు జుట్టు విప్పుకుంటుంటే, వెనక నిలబడి వినమంది. ఒకే గది, పొయ్యి, మంచం, మిషనూ అన్నీ అందులోనే. చెప్పడానికి నిలబడితే తల బట్టల తాడుకి తగిలింది.

పిల్ల మొత్తం విన్నది. దువ్వెనలో వెంట్రుకలు తీస్తూ, "అమ్మా, ఒకటడగనా? అన్నయ్య చెరలో ఎందుకుంటాడు? ఏం చేశాడని?" అంది.

"ఉన్నాడని నేనన్నానా?"

"లేకపోతే ఆయన దిగి పైకి లాగడం దేనికి? నువ్వే వాణ్ణి రోజూ అందులోకి దింపుతున్నావు. రోజూ పైకి లాగుతున్నావు. ఈ గదిలో నాకు ఊపిరాడటం లేదమ్మా."

కాజాలమ్మ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. "ఊపిరాడకపోవడమేంటే? ఎప్పటినుంచి? ఆయాసమా?"

"ఆయాసం కాదు." పిల్లకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "నీతో ఏదీ పోలిక చెప్పకూడదు. సరే, ఇంకోటి. ఇవాళ ఇస్త్రీ ఆవిడ ల్యాబుకి వచ్చింది, షుగరు పరీక్షకి. రేపు చదివేది మీ అమ్మేనా అని అడిగింది."

"నువ్వు దానితో మాట్లాడావా?"

"చెయ్యి చాపమని చెప్పాలి కదా. మాట్లాడకుండా రక్తం ఎలా తియ్యను? అవునన్నాను. ఆ చెర సంగతేనా అంది. అవునన్నాను. ఇంకేం అనలేదు. రక్తం మాత్రం సన్నగా వచ్చింది, ఏమీ తినటం లేదనుకుంటా."

"తినకపోతే నాకేం?" అంది కాజాలమ్మ. అని, పొయ్యి కట్టేసిందో లేదో చూడటానికి లేచింది. కట్టేసే ఉంది. మళ్ళీ తిప్పి చూసింది.

బుధవారం కూటం గుడి పక్క హాలులో. పైకప్పు కిందికి ఉంటుంది, ఒకే ఫ్యాను, అది తిరిగినంత సేపూ గింజలు రాలుతున్నట్టు చప్పుడు చేస్తుంది. చాపలు గోడ నుంచి గోడకి పరిచారు. గుమ్మం దగ్గర, చాప అయిపోయి ఉత్త నేల ఉన్న చోట, చెప్పుల పక్కన ఇస్త్రీ ఆమె కూర్చుంటుంది. ఎవరూ అక్కడ కూర్చోమనలేదు. చాప మీదికి జరగమని కూడా అనలేదు. చాప మీద లేదు కాబట్టి ఆమెకి వంతు కూడా లేదు. ఇన్నాళ్ళుగా ఆ సంగతి అందరికీ తెలుసు, కాజాలమ్మకి అందరికన్నా బాగా తెలుసు. కాజాలమ్మ ఉందనే ఆమెని అలా ఉంచారు.

పాట అయింది. పాస్టరమ్మగారు కాజాలమ్మ వైపు చూసి, చేతి వేళ్ళు కిందికి ఆడించారు. త్వరగా కానియ్యి అని.

"వణుకుతోంది పాపం, నీళ్ళివ్వండి," అంది చాప మీదావిడ ఒకతి.

"నీళ్ళొద్దు, గట్టిగా చదివితే చాలు. పోయినసారి నువ్వు చదివింది నీకే వినపడలేదు," అంది ఇంకొకతి. చిన్న నవ్వు పుట్టి ఆగింది.

కాజాలమ్మ వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. నీతిమంతుడు అనీతిమంతుల కోసం చనిపోయిన సంగతి చదివింది. చెరలో ఉన్న ఆత్మల దగ్గరికి వెళ్ళి ప్రకటించిన సంగతి చదివింది. ఇన్ని నెలలుగా ఇంట్లో చదివినప్పుడల్లా వేలు లేచిపోయే చోటు అదే. ఈసారి ఇంతమంది ముందు లేవడానికి వీల్లేదు. వేలు ముందుకి జరిగింది. ఆ ఆత్మలు ఎవరో అక్కడ ఉంది. ఒకప్పుడు, ఓడ కడుతున్న రోజుల్లో, దేవుడు ఓపిక పట్టి ఎదురుచూస్తున్నా మాట విననివాళ్ళని ఉంది.

ఆమె ఆ మాట మీద ఆగింది. మాట విననివాళ్ళు. మంచివాళ్ళ పేరు లేదు. తొందరగా పోయిన పిల్లల పేరు లేదు. చెప్పిన మాట విని గోతిలోకి దిగినవాడి సంగతే లేదు.

తలెత్తింది. గుమ్మం దగ్గర ఇస్త్రీ ఆమె విసనకర్ర ఒళ్ళో పెట్టేసుకుని, మెడ ముందుకి చాచి చూస్తోంది. పరీక్ష కాగితం చేతిలో పట్టుకున్న డాక్టరు నోటి వైపు చూసినట్టు చూస్తోంది. పెదవి కింద చెమట బొట్టు నిలిచి ఉంది, తుడుచుకోవడం లేదు.

ఆమె దేని కోసం ఇన్నాళ్ళూ చెప్పుల పక్కన కూర్చుంటోందో కాజాలమ్మకి అప్పుడు అర్థమైంది. పేర్చుకున్న మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. ఆయన దిగాడు, తలుపు విరిగింది, మణికట్టు పట్టుకున్నాడు. ఎవరి మణికట్టు? ఇక్కడ రాసి ఉన్నదాని ప్రకారం, ముందు ఈమె మొగుడిదే. చెక్కలు కొట్టమంటే రేపు చూద్దామన్నవాడిది. పది మంది చెప్పినా విననివాడిది.

ఇది మర్మం అని కూర్చుంటే సరిపోతుంది. పాస్టరమ్మగారు బతుకుతారు, మాస్టరు పని ఇస్తూనే ఉంటాడు, ఆ మనిషి ఉన్నచోటే ఉంటాడు. కానీ ఆ తలుపు మూస్తే దాని వెనక తన కొడుకు లేడని ఎవరు చెప్పగలరు? దేవుడికే తెలుసు. తెరిస్తే ఇద్దరికీ తెరవాలి. ఒక్కడికి సరిపోయేంత సందు ఎలా పెట్టాలో ఆమెకి తెలియలేదు. ఆమె అటూ ఇటూ చూసింది. హాలులో అన్ని గోడలూ దగ్గరగానే ఉన్నాయి.

"చాల్లేమ్మా," అన్నారు పాస్టరమ్మగారు మెల్లగా. "కష్టమైన వచనం. కూర్చో."

కాజాలమ్మ కూర్చోలేదు.

"నేను మా వాడి కోసం చదువుతున్నానమ్మగారూ," అంది. "ఇన్నాళ్ళూ వాడి కోసమే చదివాను. ఆయన కిందికి దిగాడంటే, వాణ్ణి చూసి ఉంటాడనుకున్నాను. కానీ ఇక్కడ మా వాడి లాంటివాళ్ళ సంగతి లేదు. ఆయన దిగింది మంచివాళ్ళ కోసమని లేదు. మాట విననివాళ్ళ దగ్గరికి వెళ్ళాడని ఉంది."

చాప మీద ఒకరిద్దరు తమ పుస్తకాల్లో ఆ చోటు వెతుక్కున్నారు.

"ఏం చెప్పాడో, వాళ్ళు బయటికి వచ్చారో లేదో నాకు తెలీదు. పెద్దయ్యగారికీ తెలీదట. వెళ్ళాడని మాత్రం ఉంది." ఆమె వేలు ఇంకా ఆ మాట మీదే ఉంది. "ఇది నాకు నచ్చలేదు. నిజం చెప్తున్నాను, నాకేం నచ్చలేదు. కానీ ఇక్కడ ఇలాగే ఉంది. నాకు దొరికింది ఇదే."

కూర్చుంది. ఎవరూ ఆమేన్ అనలేదు. చాప మీదావిడ నీళ్ళ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది, అడక్కుండానే. పాస్టరమ్మగారు పుస్తకంలోకి చూసి, ఆ ముక్క పెదవులతో మళ్ళీ ఒకసారి చదువుకున్నారు. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడిచారు. వాటికి మరకేమీ లేదు.

"ప్రార్థన చేద్దాం," అన్నారు చివరికి. చేశారు. ఎప్పటికన్నా చిన్నగా చేశారు.

కూటం అయ్యాక కాజాలమ్మ ఎవరికీ దొరకకుండా బయటపడింది. పాస్టరమ్మగారు మొగుడికి చెప్తారు, ఆయన మాస్టరుకి చెప్తాడు, రేపు పీట మీద ఇంకెవరో ఉంటారు. పిల్ల ఒక్కతే సంపాదించాలి. బస్సులో రాకపోకలు, సూదులు, ఒకరి జబ్బు ఒకరికి. గోడ పక్కగా నడుస్తూ ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి లెక్క వేసుకుంది. ఇంత చేసి వాడికి ఒరగబెట్టింది ఏమిటంటే, వాడి ఊసు అక్కడ లేదని తేల్చి వచ్చింది. అతని ఊసు ఉందని కూడా తనే చదివి వినిపించి వచ్చింది.

వెనక అడుగులు వినపడుతున్నాయి. తను ఆగితే ఆగుతున్నాయి. మలుపు దగ్గర కాజాలమ్మ వెనక్కి తిరిగింది.

ఇస్త్రీ ఆమె కాస్త దూరంలో నిలబడి ఉంది. రోజూ నిప్పుల పెట్టె పట్టుకునే కుడిచెయ్యి ఎర్రగా, మిగతా ఒంటికన్నా పెద్దదిగా కనిపించింది.

"ఏం?" అంది కాజాలమ్మ. ఏడాది తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అది.

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే వెంట పడటం దేనికి?"

ఆమె నేల చూపులు చూసింది. "మా ఆయన పోయే ముందు మాట పడిపోయింది. కళ్ళతో ఏదో చెప్పబోయాడు. అది నీ గురించేనని నేను అనుకుంటాను. కావాలని అలా అనుకుంటున్నానో, నిజమో, నాకు తెలీదు."

"నాకవన్నీ చెప్పకు."

"చెప్పనక్కా."

"నేనేం క్షమించలేదు. అక్కడ రాసి ఉంది కాబట్టి చదివాను."

"తెలుసక్కా. క్షమించమని అడగటానికి రాలేదు." ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది. "మళ్ళీ ఒక్కసారి చెప్తావా అని. నాకు చదువు రాదు. వెళ్ళాడనే ఉందా? నిజంగా?"

కాజాలమ్మ ఎదురుగోడ వైపు చూసింది. అబద్ధం చెప్పడానికి ఇది చివరి అవకాశం. వీధిలో ఎవరూ లేరు, ఈ మనిషి చదువుకుని సరిచూసుకోలేదు.

"ఉంది," అంది. "వెళ్ళాడనే ఉంది."

ఇస్త్రీ ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఎంతో సేపటినుంచి నీళ్ళ కింద ఉన్న మనిషి పైకి తేలినట్టు పీల్చుకుంది. ఇద్దరూ నడవడం మొదలుపెట్టారు, ఆ వీధి ఇద్దరిదీ కాబట్టి. ఒకళ్ళు ఈ అంచున, ఒకళ్ళు ఆ అంచున. కొంత దూరం పోయాక ఇస్త్రీ ఆమే అంది:

"వాళ్ళంతా బయటికి వచ్చే రోజంటూ ఉంటే మీ వాడే ముందు వస్తాడులే అక్కా. మా ఆయన ఎక్కడో వెనకాల నిలబడతాడు. నిలబడనీ. నిలబడాల్సిందే."

మంచి మాటే. కానీ కాజాలమ్మ కాళ్ళు ఆగిపోయాయి. ఆ గుంపు ఆమె కళ్ళకి కట్టింది. నోవహు కాలంనాటినుంచి పోగుపడ్డవాళ్ళు, ఎంత జనమో, అంతా మాట విననివాళ్ళు, ఒకర్నొకరు తోసుకుంటూ తలుపు మీద పడేవాళ్ళు. వాళ్ళ మధ్య తన పిల్లాడు. రేషను దుకాణంలో ముందు నిలబడి చివర్న ఇంటికి వచ్చేవాడు, బస్సులో సీటు దొరికితే పక్కవాడికి ఇచ్చేవాడు.

"వాడు ముందు రాడు," అంది. "వాడికి తోసుకోవడం చేతకాదు. ఎవరు జరగమంటే వాళ్ళకి జరుగుతాడు. అందరూ పోయి తలుపు వేసేదాకా అక్కడే పక్కన నిలబడి చూస్తుంటాడు వెధవ. నాకు తెలుసు."

కాజాలమ్మ వీధి మధ్యకి వచ్చి ఆమెకి దగ్గరగా నిలబడింది.

"మీ ఆయనకి గొంతు పెద్దది. నలుగురి మీదా అరిచి పని చేయించినవాడు, జనాన్ని తప్పించడం తెలిసినవాడు." ఒక్కో మాటా పళ్ళ మధ్యనుంచి లాగినట్టు వచ్చింది. "అక్కడ వాణ్ణి చూసుకోమను. ముందు వాణ్ణి ఎక్కించి, తర్వాతే తను ఎక్కమను. వాడు మొహమాటపడతాడు, వద్దంటాడు. వినొద్దను."

ఇస్త్రీ ఆమె ఎర్రటి చెయ్యి ఎత్తి కాజాలమ్మ చేతి మీద వేయబోయి, వెయ్యకుండా తన గుండెల మీదే పెట్టుకుంది.

"చెప్తానక్కా," అంది, మొగుడు ఇంట్లో అన్నానికి కూర్చుని తన కోసం ఎదురుచూస్తున్నట్టే. "చెప్తాను. నా మాట వింటాడు."